పంటిగాటు పువ్వులు

మా అమ్మమ్మ తాను చేసిన ప్రతి పువ్వునూ కొరుకుతుంది. గట్టిగా కాదు. బయటి రేకు అంచుని ముందుపళ్ల మధ్య పెట్టి, దారం తెంపబోయినట్టు ఒక్కసారి నొక్కి వదిలేస్తుంది. అప్పుడే అది పువ్వయినట్టు. ఎవరైనా అడిగితే, "పురుగు ముట్టని పువ్వుని ఎవరు నమ్ముతారు?" అంటుంది. వాళ్లు నిజమేనని తలూపి వెళ్లిపోతారు. అసలు సంగతి ఏమిటంటే, మా అమ్మమ్మే ఎవరినీ నమ్మదు.

మనుషుల్నే కాదు, జ్వరం చూసే థర్మామీటర్ని కూడా నమ్మదు. అది నా నోట్లో ఉండగానే నుదుటి మీద చెయ్యేసి చూసి, "అబద్ధాలకోరుది, తీసి అవతల పెట్టు" అంటుంది. కూరగాయలవాడి తక్కెడని నమ్మదు. వాడు కొసరు వేస్తే వాడినే నమ్మదు. వీధిలో ఎవరైనా "బాగున్నారా పెద్దమ్మా?" అంటే బాగున్నానని చెప్పి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, "వీడికేం కావాలో" అని గొణుక్కుంటుంది.

చేసేదేమో పెళ్లిళ్లకి గుడ్డపువ్వుల అలంకరణ. హాలు నిండా నిజం పువ్వులు పెట్టించే స్తోమత లేనివాళ్లు మా ఇంటికొస్తారు. వచ్చేటప్పుడు చిరిగిన దుప్పటో, రంగు వెలిసిన కర్టెనో, పాత దిండు గలీబులో పట్టుకొస్తారు. అమ్మమ్మ వాటిని చిక్కటి గంజిలో ముంచి తీగ మీద ఆరేస్తుంది. టీ డికాక్షన్లో నానబెడితే ఒక రంగు, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలో నానబెడితే ఇంకో రంగు. తర్వాత రేకులు కత్తిరించాలి. రేకుల నమూనాలు పాత ఎక్స్‌రే ఫిల్ములతో చేసినవి. ఎవరిదో విరిగిన మోచెయ్యి మా ఇంట్లో గులాబీ రేకు. కత్తిరించిన రేకుని చిన్న దిండు మీద పెట్టి, పొయ్యి మీద వేడి చేసిన చెంచా వీపుతో నొక్కితే అది దోసిలిలా వంగుతుంది. మైదాపిండి జిగురుతో ఒక్కో రేకునీ తీగకి అంటించాలి. బొద్దింకలు నాకకుండా జిగురులో కాస్త పటిక కలపాలి. చివరికి కరిగిన కొవ్వొత్తిలో అంచులు ముంచి తీస్తే, ఆ మైనం ఆరకముందే అమ్మమ్మ కొరుకుడు. మైనం మీద పంటిగాటు అచ్చు గుద్దినట్టు నిలుస్తుంది.

నాకు చదువు పెద్దగా అబ్బలేదు కాబట్టి నేనూ ఈ పనిలోనే ఉన్నాను. చెంచా వేడి చెయ్యడం, తీగలకి ఆకుపచ్చ కాగితం చుట్టడం నా వంతు. కొరకడం మాత్రం అమ్మమ్మే. ఒకసారి సరదాకి నేను కొరికాను. ఆ పువ్వుని విప్పి, రేకుని పొయ్యిలో వేసింది.

ఈ కొరుకుడు ఎలా మొదలైందో అమ్మ చెబితే తెలిసింది. తాతయ్య పోయిన కొత్తల్లో అమ్మమ్మ ఓ సంచి నిండా పువ్వులు పట్టుకుని బజారులో ఒక అలంకరణ దుకాణానికి వెళ్లిందట. దుకాణాదారు ఒక్కో పువ్వునీ తిప్పితిప్పి చూసి, "రెండ్రోజులు ఉంచండమ్మా, చెబుతాం" అన్నాడట. ఈవిడ తటపటాయిస్తుంటే గుండె మీద చెయ్యేసుకుని, "మీ పువ్వు ఎప్పటికీ మీదే, నా ప్రాణం పోయినా ఇంకొకడికి చూపించను" అన్నాడట. కొన్నాళ్లకి ఆ దుకాణం అద్దాల వెనకాల నిండా అమ్మమ్మ పువ్వులే, వేరేవాళ్లు చేసినవి. వెళ్లి అడిగితే, "పువ్వు మీద మీ పేరేమైనా రాసుందా?" అన్నాడట. అమ్మమ్మ ఇంటికొచ్చి, ఆ పూట చేసిన పువ్వుని కొరికింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే పైవరసలో ఒక ముందుపన్ను ఊడింది. దానికి దుకాణాదారుతో సంబంధం లేదు. కత్తెర పక్కగదిలో ఉంటే లేవడానికి బద్ధకించి, తీగని పంటితో తెంపబోయింది. అప్పటినుంచి అమ్మమ్మ గాటు ఇంకా ప్రత్యేకమైపోయింది. రెండు వైపులా గాట్లు, మధ్యలో కిటికీ.

ఇక మా పిన్ని పెళ్లి.

పిన్ని బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. నలభైకి దగ్గరపడింది. ఇన్నాళ్లూ ఎవరు పెళ్లి మాటెత్తినా, "చిల్లర లేదు, పక్క కిటికీ చూడండి" అనేది. అలాంటిది ఒకరోజు అన్నం తింటూ, మంచినీళ్లడిగినంత మామూలుగా, "నేను పెళ్లి చేసుకుంటున్నా" అంది. ఆయన బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డులో వాషర్లు కోస్తాడు. బస్సు ఇంజన్లకి, నీళ్ల పంపులకి, ప్రెషర్ కుక్కర్లకి, దేనికి కావాలన్నా రబ్బరు షీటులోంచి, అట్టలోంచి రింగులు కోసిస్తాడు. ఆ చుట్టుపక్కల అందరూ వాషర్లాయన అంటారు. మేమూ అంతే.

"ఈ వయసులో ఆయన పెళ్లెందుకు చేసుకుంటున్నట్టు?" అంది అమ్మమ్మ.

"ఇదే వయసులో నేనెందుకు చేసుకుంటున్నానో అందుకే."

"నీ సంగతి నాకు తెలుసు. ఆయన సంగతే తెలీదు. సొంత షెడ్డుందంటావు. తాగడంటావు. అరవడంటావు. ఇన్ని మంచి గుణాలు ఒక్క మనిషికెందుకే? ఏదో దాస్తున్నాడు."

"దాచేదేం లేదు. పాటలు పాడతాడు. శ్రుతి కుదరదు."

"చూశావా!" అంది అమ్మమ్మ, దొంగ దొరికినట్టు.

ఆఖరికి అమ్మమ్మ ఒక మాట తేల్చి చెప్పింది. పెళ్లినాటికి ఆయన మీద నమ్మకం కుదిరితే వస్తుంది. కుదరకపోతే రాదు. "నువ్వు వెళ్లి చేసుకో, నేను అడ్డు రాను. నేను మాత్రం ఈ చాప మీదే ఉంటా."

పిన్ని కంచం పక్కకి తోసింది. "నువ్వు లేకుండా నేను పెళ్లిపీట ఎక్కుతానా? నువ్వు రాకపోతే పెళ్లే లేదు. నువ్వు రానన్నరోజే పెళ్లి హాలువాళ్లకి వద్దని చెప్పేస్తా."

ఇద్దరూ ఇద్దరే. ఒకరు మొండికేస్తే ఇంకొకరు ఇంకో మెట్టు ఎక్కుతారు. అమ్మ తల పట్టుకుంది. అమ్మది లాండ్రీలో ఇస్త్రీ పని. ఎంత ముడతలు పడిన గుడ్డనైనా సాపు చేస్తుంది గానీ వీళ్లిద్దరి జోలికి పోదు.

విచిత్రం ఏమిటంటే, నమ్మకం కుదరని పెళ్లికి మర్నాటి నుంచే అమ్మమ్మ పువ్వులు మొదలెట్టింది. హాలు గుమ్మానికి పెద్ద తోరణం, వేదిక వెనక తెర నిండా గుత్తులు, ఒక్కో బల్లకీ ఒక్కో కుచ్చు. పిన్ని, అమ్మ, నేను కట్టి విడిచిన పాతబట్టలన్నీ గంజిలో పడ్డాయి.

"పెళ్లవుతుందో లేదో తెలీదంటావు. మరి ఈ పువ్వులెందుకే అమ్మమ్మా?" అన్నాను.

"పెళ్లి ఆగితే ఆగనీ. అలంకరణ బాగోలేదన్న మాట మాత్రం రాకూడదు."

అయితే ఈసారి పని మునుపటిలా సాగలేదు. పొద్దున్నే అమ్మమ్మ గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచుకుని చాలాసేపు కూర్చునేది. రంగు వదిలించుకుంటున్నానని చెప్పేది. చేతులకి రంగు లేదు. కత్తెర మొద్దుబారిందని తిట్టి, సానపట్టేవాడికి ఇప్పించింది. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "పదునుగానే ఉంది కదా" అంటే వాడికి పనే రాదని తేల్చేసింది. ఒక్కోసారి కట్టిన గులాబీ ఆమె చేతిలోనే వదులైపోయి రేకులు వేలాడేవి. చప్పున ఒళ్లో దాచేసి, నేను చూశానా అని నా వైపు చూసేది. నేను చెంచా వైపు చూసేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున అమ్మమ్మ పువ్వుల బుట్ట ఎత్తి, మళ్లీ దించి, మళ్లీ ఎత్తింది.

"బరువుంది."

"పువ్వులున్నాయి మరి."

"ఉండాల్సినదానికన్నా ఉంది."

ఇంట్లో ఏదైనా పోయిందంటే ఎవరైనా కంగారు పడతారు. మా అమ్మమ్మ పెరిగిందని కంగారు పడింది. బుట్టని చాప మీద బోర్లించి, కళ్లద్దాలు తుడుచుకుని, పువ్వులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. నేను టీ కాచి తెచ్చేసరికి ముందర రెండు కుప్పలున్నాయి. పెద్ద కుప్ప పక్కన చిన్న కుప్ప. చిన్న కుప్పలోంచి ఒక పువ్వు తీసి నా ముక్కుకి ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"కిటికీ లేదు" అంది.

నిజమే. రేకు అంచున గాటు ఉంది, కానీ మధ్యలో ఖాళీ లేదు. రెండు ముందుపళ్లు ఒకదాని మీదకి ఒకటి ఒరిగినట్టు, గాటు కాస్త వంకరగా, ఇంటి పైకప్పులా పడింది.

"ఎవరో మన ఇంట్లోకొచ్చి కొరుకుతున్నారే" అంది అమ్మమ్మ గొంతు తగ్గించి. నాకు నవ్వు ఆగలేదు. "నవ్వకు! ముందు పువ్వులు కలుపుతారు. కలిసిపోయాయో లేదో చూస్తారు. కలిసిపోతే ఇక నాతో పనేముంది? మళ్లీ ఆ దుకాణంవాడే మొదలెట్టాడు."

"ఆయన పోయి ఎన్నాళ్లయిందే?"

"కొడుకులుంటారుగా."

ఆరోజు నుంచి అమ్మమ్మ కళ్లల్లో ఒత్తులేసుకుని కూర్చుంది. గుమ్మం పక్కకి చాప జరిపింది. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు బుట్టని తలకింద పెట్టుకునేది. అయినా బుట్ట పెరుగుతూనే ఉంది. దాంతో ఆమెకో ఉపాయం తట్టింది. బజారుకి వెళ్లి గట్టి జామకాయలు తెచ్చింది. ఇంట్లోకి ఎవరొస్తే వాళ్లకి ఒక జామకాయ.

"చాకుతో కొయ్యొద్దు. కొరుక్కు తింటేనే రుచి" అనేది ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ. కొరికీ కొరకగానే, "ఉండు ఉండు, పురుగుందేమో" అని చేతిలోంచి లాక్కుని, వెలుతురుకేసి పెట్టి, పువ్వు పక్కన పెట్టి చూసేది. అమ్మ గాటు వెడల్పుగా ఉందని వదిలేసింది. నా గాటు చూసి, "ఎలకపళ్లు" అని తిరిగిచ్చింది. గ్యాస్ బండ తెచ్చినవాడు రెండు జామకాయలు తిని, ఇంకోటి లేదా అని అడిగాడు.

గట్టి అనుమానం దర్జీ మీద. ఆయన రోజూ కత్తిరింపు ముక్కల మూట తెచ్చిచ్చి, ఇక్కడే టీ తాగి పోతాడు. పైగా మర్యాదస్తుడు. అదే పెద్ద అనుమానం.

"తినండి దర్జీగారూ."

"వద్దండీ."

"ఎందుకొద్దు?"

"జామకాయ నాకు పడదండీ."

"కొరకండి చాలు. మింగక్కర్లేదు."

దర్జీ మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, అటు తిరిగి, నోట్లోంచి పళ్లసెట్టు తీసి అరచేతిలో పెట్టుకుని ఇటు తిరిగాడు. "వీటితో కొరికితే ఊడొస్తాయమ్మా" అన్నాడు బోసినోటితో. అమ్మమ్మ పళ్లసెట్టుని కూడా వదల్లేదు. వంగి, పువ్వుని దాని పక్కన పట్టుకుని చూసింది. తర్వాత ఆయనకి రెండో కప్పు టీ ఇచ్చింది. అది క్షమాపణ.

మిగిలింది పిన్ని. పిన్ని జామకాయని సంచిలో వేసుకుని, "ఆఫీసులో తింటా" అని జారుకుంది. మర్నాడూ అంతే. అమ్మమ్మ నా వైపు చూసింది. నేను సీలింగు వైపు చూశాను. నాకూ అప్పటికి కాస్త వాసన తగిలింది. పొద్దున్న అన్నంతో వెళ్లే పిన్ని టిఫిన్ క్యారియర్‌ని సాయంత్రం ఎవరూ కడగడానికి ముట్టుకోనియ్యడంలేదు. పిన్నికి గిన్నెలు కడిగే అలవాటు పుట్టుకతోనే లేదు.

ఆ ఆదివారం తోరణానికి ఇనుప చట్రం కొలతలు తీసుకోవడానికి వాషర్లాయన మా ఇంటికొచ్చాడు. పొడుగు మనిషి, తల వంచి లోపలికొస్తాడు. గోళ్లల్లో రబ్బరు నలుపు. "నమస్కారం అత్తయ్యగారూ" అన్నాడు.

"ఇంకా అవలేదు" అంది అమ్మమ్మ. వెంటనే గొంతులో తేనె పోసుకుని, "కూర్చోండి, జామకాయ తీసుకోండి" అంది.

వంటగది గుమ్మంలో పిన్ని కళ్లతో, చేతులతో వద్దు వద్దని సైగలు చేస్తోంది. ఆయన చూడలేదు. పాపం, పెద్దావిడ మొదటిసారి ప్రేమగా ఇచ్చిందని సంబరపడి, నోరారా కొరికాడు.

అమ్మమ్మ ఆ కాయని లాక్కోలేదు. ఆయన చేతిలో ఉండగానే మణికట్టు పట్టుకుని వెలుతురుకి తిప్పింది. జామకాయ మీద ఇంటి పైకప్పు.

"ఇదా సంగతి" అంది. "ఇందుకా మా పిల్ల వెంట పడ్డారు?"

"ఏమైందండీ?"

ఆమె చిన్న కుప్పలోని పువ్వులన్నీ తెచ్చి ఆయన ఒళ్లో పోసింది. ఆయన వాటిని చూసి, పిన్నిని చూసి, నోట్లో ఉన్న ముక్క ఎటు పంపాలో తెలీక అలాగే ఉండిపోయాడు.

"వీళ్లు రబ్బరు కోసేవాళ్లు! ఒకటి చూస్తే వెయ్యి కొట్టగలరు. పెళ్లని చెప్పి ఇంట్లో దూరి, నా పువ్వు ఎత్తుకుపోయి, రేప్పొద్దున్న షెడ్డు ముందు బోర్డు కడతారు. పెళ్లీ లేదు, ఏమీ లేదు. లెమ్మను!"

"ఆయన ఎత్తుకుపోలేదమ్మా, నేనిచ్చాను" అంది పిన్ని. ముందుకొచ్చి ఆయనకీ అమ్మమ్మకీ మధ్యలో నిలబడింది. "ఒక పువ్వు తీసుకెళ్లి ఇచ్చాను. విప్పి చూసి నేర్చుకున్నాడు. చేసినవి క్యారియర్లో నేనే తెచ్చి బుట్టలో కలుపుతున్నా."

"ఎందుకు?"

పిన్ని నీళ్లు నమిలింది. టికెట్ల కిటికీ దగ్గర ఊరంతటికీ జవాబు చెప్పే మనిషి. "నీ చేతులు" అంది. "పొద్దున్నే వేళ్లు ముడవలేకపోతున్నావు. నేను చూశాను. అడిగితే ఒప్పుకోవు. మనిషిని పెడదామంటే నమ్మవు. హాలు సగం ఖాళీగా ఉంటే నువ్వే బాధపడతావు..."

"నా చేతులకేం?" అంది అమ్మమ్మ. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. చిన్నపిల్లలు దెబ్బ తగిలిన చెయ్యి దాచుకుంటారే, అలా.

వాషర్లాయన లేచి, పువ్వుల్ని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాటుతుండగా అమ్మమ్మే ఆపింది. "అది సరే. కొరికిందెందుకు?"

"మీ పువ్వులన్నిటికీ ఉంది కదండీ. అది లేకపోతే పువ్వు పూర్తయినట్టు అనిపించలేదు."

అమ్మమ్మ తలుపేసేసింది.

ఆ తర్వాత ఆవిడ పిన్నితో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది గానీ పిన్ని వినేట్టు. "దొంగతనం చెయ్యడం వేరు. అమ్మ చెయ్యి పోయిందని బయటవాళ్లకి చెప్పడం వేరు." పిన్ని హాలువాళ్లకి చెప్పేస్తానని చెప్పులేసుకుంది. అమ్మ గుమ్మానికి అడ్డంగా ఇస్త్రీ బల్ల పెట్టి, "ఒక్కరోజు ఆగండే" అంది. అమ్మ అంత పెద్ద మాట అనడం నేను అప్పుడే విన్నాను.

మర్నాడు పిన్ని డ్యూటీకి వెళ్లగానే అమ్మమ్మ చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"సోదాకి. నువ్వూ రా. సాక్షి కావాలి."

షెడ్డు సందు చివర ఉంది. రబ్బరు వాసన మలుపులోనే ఎదురొచ్చింది. లోపల గోడ నిండా మేకులకి వాషర్ల దండలు. బొటనవేలికి ఉంగరమయ్యేంతవి మొదలుకుని, మనిషి తల దూరేంతవి దాకా. మధ్యలో చెక్కమొద్దు, దాని మీద సుత్తి. ఆయన పాడుకుంటూ ఏదో కోస్తున్నాడు. పిన్ని చెప్పింది నిజమే, శ్రుతి లేదు. మమ్మల్ని చూసి పాట మధ్యలో ఆపి, ఉన్న ఒక్క స్టూలూ తుడిచి అమ్మమ్మ ముందు పెట్టాడు.

అమ్మమ్మ కూర్చోలేదు. "సొరుగులు చూడాలి" అంది.

"చూడండి."

అన్నీ తీసింది. బోల్టులు, నట్లు, సుద్దముక్కలు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. ఒక అట్టపెట్టె నిండా పాడైపోయిన గులాబీలు. జిగురు ఎక్కువై ఉండకట్టినవి, చెంచా వేడికి కాలి నల్లబడినవి, తీగలోంచి తల వాల్చేసినవి. అన్నిటికీ పంటిగాటు. తగలబెట్టినదాన్ని కూడా కొరికాడు మహానుభావుడు. నేను మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మమ్మ నవ్వలేదు. ఒక్కోదాన్నీ విప్పి, ఎక్కడ తప్పాడో చూసి, మళ్లీ పెట్టెలో పడేసింది.

చివరి సొరుగులో అది దొరికింది. ఉక్కుపట్టీని రేకు ఆకారంలో వంచి, కింద అంచు పదునుపెట్టి, పైన పిడి అతికించిన కట్టర్. బిస్కెట్లు కోసే అచ్చులాంటిది. గుడ్డ మడతలు పేర్చి, పైన పెట్టి సుత్తితో ఒక్కటిస్తే బొత్తెడు రేకులు ఊడిపడతాయి. మా గులాబీ రేకే, ఒక్క వంపు తేడా లేదు.

పిన్ని పెళ్లి ఆ సొరుగులోనే ఆగిపోయిందనుకున్నాను.

"ఇదేమిటి?" అంది అమ్మమ్మ.

"నాకు కత్తెర చేతకాదండీ. కట్టర్ చేసుకుంటే గానీ కుదర్లేదు."

"ఇది నాకు కావాలి."

"తీసుకెళ్లండి."

"తీసుకెళితే ఇంకోటి చేసుకోలేరా?"

నేను ఆయన వైపు చూసి గట్టిగా కళ్లు మూసి తెరిచాను. లేదని చెప్పు మహానుభావా, ఒట్టేసి చెప్పు, ఎవరి మీద కావాలంటే వాళ్ల మీద ఒట్టెయ్యి. ఆయన తల గోక్కున్నాడు.

"చేసుకోగలనండి" అన్నాడు. "పూట పట్టదు. వంపు గుర్తుంది."

అమ్మమ్మ కట్టర్ పట్టుకుని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. సందులో ఒక బస్సు వెనక్కి వెళ్తూ మోగించిన మోత ఆగేదాకా చూసింది.

"ఆ దుకాణంవాడు గుండె మీద చెయ్యేసుకున్నాడు" అంది నాతో. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏదీ, ఒకటి కొట్టండి చూద్దాం."

ఆయన గంజిపెట్టిన గుడ్డ తీసి మడతలు పెట్టి, మొద్దు మీద పరిచి, కట్టర్ పెట్టి సుత్తి దించాడు. రేకులు ఊడి పడ్డాయి. అమ్మమ్మ ఒకటి తీసి రెండు వేళ్లతో సాగదీసింది. అది సాగలేదు.

"నిలువు దారం మీద కొట్టారు. ఇది వంగమంటే వంగుతుందా? అందుకే మీ పువ్వులన్నీ సిపాయిల్లా నిలబడుతున్నాయి. గుడ్డని ఏటవాలుగా తిప్పండి."

"తిప్పితే గుడ్డ చాలా వృథా పోతుందండీ."

"మూలముక్కలతో ఆకులు చెయ్యొచ్చు. తిప్పండి."

"మడత జారుతుందండీ."

"జారకుండా పట్టుకోవాలి. ఇటివ్వండి." ఆమె వంగి గుడ్డని ఏటవాలుగా తిప్పి, అరచేత్తో అదిమి పట్టుకుంది. వేళ్లు ముడవక్కర్లేదు, అరచెయ్యి చాలు. ఆయన కట్టర్ని ఆమె చేతికి దూరంగా ఒకసారి, ఇంకా దూరంగా ఒకసారి పెట్టి చూసుకున్నాడు. "కొట్టవయ్యా బాబూ, నా చెయ్యి అక్కడ లేదు!" అని అరిచింది. కొట్టాడు. ఈసారి రేకు సాగింది.

తర్వాత వాళ్లిద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. రేకులన్నీ కవలల్లా ఉన్నాయని ఆవిడ, మూడు సైజుల కట్టర్లు చేస్తే ఆ బాధ ఉండదని ఆయన, మూడెందుకు రెండు చాలని ఆవిడ. వాషర్ కోసం కుక్కర్ పట్టుకొచ్చిన ఒకాయనకి నేనే గోడ మీంచి వాషర్ తీసిచ్చి పంపించాను. సరిపోయిందో లేదో తెలీదు.

ఎవరు చెప్పారో, పిన్ని కిటికీ మూసేసి పరుగెత్తుకొచ్చింది. షెడ్డు గుమ్మంలో రొప్పుతూ నిలబడింది. లోపల కేకలు వినబడగానే మొహం పాలిపోయింది. ఆ కేకలు దేనిగురించో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అమ్మా" అంది. "హాలువాళ్లకి ఈరోజు చెప్పాలి. ఉందనా, లేదనా?"

అమ్మమ్మ తలెత్తలేదు. "ముందువరసలో మాత్రం నేను కూర్చోను."

పిన్ని ఒక అడుగు లోపలికి వేసింది. "రానంటావా అయితే?"

"ముందువరసలో కూర్చుంటే గుమ్మం ఎలా కనిపిస్తుందే? తోరణం పక్కన కుర్చీ వెయ్యమను. వచ్చేవాళ్లలో ఎవరు పువ్వు పీకి సంచిలో వేసుకుంటారో ఏం తెలుసు? వీళ్ల వైపు చుట్టాలెలాంటివాళ్లో నేనింకా చూడలేదు."

వాషర్లాయన సుత్తి దించాడు. "మా మేనత్త ఉందండీ. ఆవిణ్ణి కొంచెం కనిపెట్టి ఉండాలి."

"అలా చెప్పు ముందే" అంది అమ్మమ్మ. "ఎలా ఉంటుంది? పొడుగా? పొట్టా?"

పిన్ని అక్కడే ఉన్న నూనెడబ్బా మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. అమ్మమ్మ కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసి, ఆకుపచ్చ కాగితం చుట్ట ఆమె ఒళ్లోకి విసిరింది.

"కిటికీ మూసేసి వచ్చావుగా. ఊరికే కూర్చోక ఆ తీగలకి కాగితం చుట్టు."